పెదనాన్న నింపిన తూటాలు

తుపాకీ లైసెన్సు విచారణకి మా ఇంటికొచ్చిన కానిస్టేబుల్, గుమ్మంలో కూర్చుని గోరుచిక్కుళ్లు తుంచుతున్న మా ఆయనకి నమస్కారం పెట్టి, "తుపాకీ ఎందుకండీ మీకు?" అని అడిగాడు.

మా ఆయన విద్యుత్ శాఖలో గుమాస్తా. దీపావళి వస్తే సాయంత్రం ఆరింటికే చెవుల్లో దూది పెట్టుకుని వెనకగదిలో దుప్పటి కప్పుకునే మనిషి. చేతిలో చిక్కుడుకాయ కింద పడేసి, "నాకెందుకు బాబూ, ఆవిడకి!" అని వంటింటివైపు చూపించారు.

కానిస్టేబుల్ తలెత్తి నన్ను చూశాడు. అప్పటికి నాకు యాభై దాటాయి. గుడివాడలో ఒక హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. చేతిలో గరిటె ఉంది. అతను ఒకసారి గరిటెనీ, ఒకసారి దరఖాస్తునీ చూసుకుని, మళ్లీ మా ఆయన్నే అడిగాడు.

"మేడంగారికి ఎవరితోనైనా పాతగొడవలు ఉన్నాయాండీ?"

"పాతికేళ్లుగా లెక్కలు చెప్తోందండీ. ఫెయిలైన వాళ్లందరి పేర్లూ రాసుకుంటారా?"

అతను పెన్ను మూత పెట్టేశాడు. ఇక లాభం లేదని నేనే బయటికొచ్చాను. "గొడవలేం లేవండీ. గురిచూసి కొట్టడం నాకు సరదా" అన్నాను.

"ఎవర్నండీ?"

"కాగితాన్ని."

ఈ సరదా నాకు బందరు కాలేజీలో ఎన్‌సీసీలో అంటుకుంది. ఇసకబస్తాల వెనక బోర్లా పడుకుని మొదటిసారి రైఫిల్ పట్టుకున్నప్పుడు చప్పుడుకి భయపడతాననుకున్నాను. కానీ నాకు గుర్తుండిపోయింది చప్పుడు కాదు, దానికి ముందున్న నిశ్శబ్దం. ఊపిరి బిగబట్టి, ఒక కన్ను మూసి, ఎదురుగా ఉన్న నల్లచుక్కని తప్ప దేన్నీ చూడని ఆ రెండు క్షణాలు. మా ఇంట్లో తొమ్మిదిమందిమి ఉండేవాళ్లం. అంత ప్రశాంతత నాకు ప్రార్థనలో కూడా దొరికేది కాదు. ఎందుకంటే ప్రార్థన చేస్తుంటే పక్కన చెల్లెలు గిల్లేది.

పెళ్లయ్యాక, ఉద్యోగం వచ్చాక, లైసెన్సు అక్కర్లేని గాలి రైఫిల్ ఒకటి కొనుక్కున్నాను. ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోజనాలయ్యాక, డాబా మీద పాత ప్రశ్నపత్రాల వెనకవైపు వృత్తలేఖినితో గుండ్రాలు గీసి గోడకి అంటించి కొట్టేదాన్ని. గాలి రైఫిల్ చప్పుడు సీసా మూత తీసినంత కూడా ఉండదు. అయినా మా ఆయన చెవుల్లో దూది పెట్టుకునే పైకి వచ్చేవారు. అయిపోయాక భూతద్దం పెట్టి చిల్లులు లెక్కపెట్టి మార్కులు వేసేవారు. ఆయన చాలా కచ్చితం. గీత మీద పడితే లోపలి మార్కు ఇచ్చేవారు కాదు. దానిమీద మాకు చాలా ఆదివారాలు మాటలుండేవి కావు.

అసలు తుపాకీ ఉన్నది మా పెదనాన్నకి. నాగాయలంక దగ్గర ఆయనకి వరి, మినుము ఉండేవి. మినుము చేలోకి పందులు పడతాయని ఆయన వయసులో ఉండగానే ఒంటిగొట్టం తుపాకీకి లైసెన్సు తీసుకున్నారు. నాకు తెలిసి ఆయన ఒక్క పందిని కూడా కొట్టలేదు. పైకి పేల్చి బెదరగొట్టేవారు. మిగతా రోజుల్లో ఒక పాత చేటకి సున్నం బొట్టు పెట్టి, తాడిమొద్దుకి తగిలించి, దాన్ని కొట్టేవారు. మా పెద్దమ్మ చేటలన్నీ అలాగే పోయాయి.

ఆ తూటాలు ఆయనే నింపుకునేవారు. లైసెన్సు పుస్తకంలో దానికి అనుమతి కూడా ఉండేది. ఇత్తడి తూటాలు. పేలినవి దాచి మళ్లీ నింపేవారు. తుపాకీమందు డబ్బా ఏడాదికోసారి బందరులో లైసెన్సున్న కొట్లో తెచ్చుకునేవారు. అరుగు మీద పేపరు పరిచి, కంసాలి త్రాసు ముందు పెట్టుకుని, కీర్తన పాడుకుంటూ తూచేవారు. చరణం మర్చిపోతే లెక్క కూడా మర్చిపోయేవారు. అప్పుడు ముక్కుపొడి పట్టు ఒకటి పీల్చి మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టేవారు.

ఆయనకి డెబ్బై దాటాక ఒక రోజు చేటకి గురిపెడితే, అది తప్పిపోయి పక్కింటివాళ్ల పశువులపాక రేకుకి తగిలింది. ఎవరికీ ఏం కాలేదు. గేదె మాత్రం రెండు రోజులు పాలివ్వలేదట. పెద్దమ్మ వాళ్లింటికి వెళ్లి బతిమాలుకుని వచ్చింది. పెదనాన్నతో ఒక్కమాట కూడా అనలేదు. అదే మేము గమనించాల్సింది.

ఆ తర్వాత నుంచి తూటాలు పేలడం మానేశాయి. మీట నొక్కితే టిక్కుమనేది, తర్వాత "తుస్" మనేది. గొట్టం చివర్నుంచి నల్లటి పొడి ఊదినట్టు వచ్చేది. సీసపు గుళ్లు నాలుగు పెదనాన్న కాళ్ల దగ్గరే రాలేవి. పందులు తలెత్తి చూసి మళ్లీ మినుము తినేవి.

"ఉప్పుగాలమ్మడూ. సముద్రం దగ్గరికొచ్చేసింది. మందు చెమ్మగిల్లిపోతంది" అన్నారు ఆయన నాతో.

నేను లెక్కల టీచర్ని. చెమ్మ అంటే నమ్మలేదు. తూకంలో తప్పుందన్నాను. ఆ ఎండాకాలం సెలవులకి పిల్లల్ని మా అమ్మ దగ్గర వదిలేసి నాగాయలంక బస్సెక్కాను. ఒక వంద పేజీల నోటుబుక్కు కొన్నాను. ప్రతి తూటాకీ ఒక నంబరు ఇచ్చి మేకుతో గీకాను. మందు ఎంత, గుళ్లు ఎంత, ఆ రోజు గాలి ఎటు, ఫలితం ఏమిటి అని నాలుగు గళ్లు గీశాను. ఫలితం గడిలో వరసగా "తుస్", "తుస్", "తుస్" అని రాశాను. ఒకచోట మాత్రం "కాస్త పెద్ద తుస్" అని రాసి, ఎర్ర సిరాతో గీత కొట్టి, ఆ తూకం నుంచి మళ్లీ లెక్క మొదలుపెట్టాను. దశాంశ స్థానాల దాకా వెళ్లాను. మందుని ఎండబెట్టాం. నీడలో పెట్టాం. బియ్యం డబ్బాలో పెట్టాం. పెద్దమ్మ మాకు మజ్జిగ తెచ్చిచ్చి లోపలికి వెళ్లిపోయేది.

ఒక్కటే నాకు వింతగా అనిపించేది. అరుగు మీద ఎప్పుడూ లవంగం వాసన వచ్చేది. పెదనాన్నకి పన్నునొప్పి ఉందేమో, బుగ్గన లవంగం పెట్టుకున్నారేమో అనుకున్నాను. ఆయన్ని అడిగితే, "నాకే వాసనా తెలీదమ్మడూ, ముక్కుపొడికి ముక్కెప్పుడో చచ్చిపోయింది" అన్నారు.

మరుసటి ఎండాకాలం కూడా వెళ్లాను. రెండో నోటుబుక్కు కూడా నిండింది. పందులు బాగా బలిశాయి.

ఆ తర్వాత ఆయనకి చూపు తగ్గింది. కొడుకులు "ఆ స్టేషన్ల చుట్టూ ఎవరు తిరుగుతారు" అని తుపాకీ వద్దన్నారు. "అమ్మడికి ఇచ్చెయ్యండి" అన్నారాయన. నేను దరఖాస్తు పెట్టుకున్నాను. గరిటె చూసి భయపడిన కానిస్టేబుల్ మంచి రిపోర్టే రాసినట్టున్నాడు. చాలా తిరుగుళ్ల తర్వాత లైసెన్సు వచ్చింది. తుపాకీ మా ఇంటికొచ్చింది.

వచ్చాక తెలిసింది, అది ఇంట్లో ఉండేది తక్కువని. ఏ ఎన్నికలొచ్చినా స్టేషన్లో అప్పగించాలి. మొదటిసారి దాన్ని పాత కర్టెనుగుడ్డతో కుట్టిన సంచిలో పెట్టుకుని వెళ్లాను. ముందు పెద్దపెద్ద మీసాలున్న రైతులు నిలబడి ఉన్నారు. బల్ల దగ్గర కూర్చున్న రైటరు నన్ను చూసి, "కంప్లైంటయితే ఆ పక్కనమ్మా" అన్నాడు.

"కాదండీ, డిపాజిట్."

"డిపాజిట్ అయితే బ్యాంకుకెళ్లాలమ్మా."

నేను సంచి ముడి విప్పాను. మీసాలన్నీ ఒక్కసారి పక్కకి జరిగి నాకు దారిచ్చాయి.

మూడేళ్ల క్రితం పెదనాన్న పోయారు. దినకార్యం అయ్యాక పెద్దమ్మ నన్ను పక్కకి పిలిచి, ఆయన మంచం కిందనుంచి రేకు డబ్బా ఒకటి లాగింది. దాని నిండా ఇత్తడి తూటాలు. నేను గీకిన నంబర్లు చాలావాటిమీద అలాగే ఉన్నాయి. "ఇయ్యి నువ్వు పట్టుకెళ్లిపోవే. నాకు భయం" అంది. ఏడుపులో ఉన్నాను, ఆలోచించలేదు. కిరాయి కారులో ఆ డబ్బా ఒళ్లో పెట్టుకుని, అవనిగడ్డ, చల్లపల్లి, పామర్రు మీదుగా, ప్రతి గోతిలోనూ ఎగిరెగిరి పడుతూ గుడివాడ వచ్చేశాను.

ఇంటికొచ్చాక మా ఆయన డబ్బా తెరిచి చూసి, మూత పెట్టేసి, దూది పెట్టుకున్నారు. "ఇవి మన పుస్తకంలో లేవు. స్టేషన్లో చెప్పు" అన్నారు.

చెప్పాను. రైటరు పెద్ద రిజిస్టరు తీసి వేలు పెట్టి వెతికాడు. "మేడం, తుపాకీకి గడి ఉంది. కంపెనీ తూటాకి గడి ఉంది. ఇంట్లో నింపిన తూటాకి గడి లేదండీ."

"మరేం చెయ్యమంటారు?"

"ఇంట్లోనే జాగ్రత్తగా ఉంచండి. నింపింది మీవాళ్లేగా, వాటి స్వభావం మీకు తెలుస్తుంది."

అయినా ఎందుకైనా మంచిదని అతను బందరు ఫోన్ చేశాడు. బందరు వాళ్లు ఇంకెవరికో చేశారు. మూడోరోజు పొద్దున్న బాంబులు తీసేవాళ్ల జీపు మా వీధిలో ఆగింది. రెండువైపులా తాళ్లు కట్టారు. పక్కిళ్లవాళ్లని ఖాళీ చెయ్యమంటే, వాళ్లంతా ఇంకా బాగా కనపడుతుందని మా ఎదురు డాబా ఎక్కారు.

వాళ్ల పెద్దాయన నాతో గట్టిగా చెప్పాడు. "మేడం, పాత మందు. కాస్త కదిలినా ప్రమాదం. ఆ డబ్బా ఒక్క అడుగు కూడా జరపలేదు కదా?"

"లేదండీ" అన్నాను. నాగాయలంక సంగతి ఆయనకెందుకు?

మందపాటి కోటు, ముఖానికి గాజుపలక వేసుకున్న ఒక పొడుగాటి మనిషి డబ్బాని రెండు చేతులా పట్టుకుని, పసిబిడ్డని మోస్తున్నట్టు పక్కనున్న ఖాళీస్థలంలోకి నడిచాడు. వేసవి ఎండ. కోటులోంచి చెమట కారుతోంది. ఒక తూటా విప్పి, లోపలి పొడిని తెల్లకాగితం మీద పోసి, దూరంగా జరిగి, పొడుగాటి కర్ర చివర మంట పెట్టి తాకించాడు. అందరం చెవులు మూసుకున్నాం.

కాగితం కాలిపోయింది. పొడి అలాగే ఉంది.

అతను గాజుపలక పైకెత్తాడు. వంగి, కాస్త పొడి వేళ్లతో తీసి వాసన చూశాడు. "మేడం, మీరొకసారి ఇటు రండి" అన్నాడు. వెళ్లాను. నా ముక్కు దగ్గర పెట్టాడు. లవంగం. కర్పూరం. ఉప్పు.

"ఇది నల్ల పళ్లపొడి మేడం. మా అమ్మమ్మ ఇదే వాడేది."

నలభై ఒక్క తూటాల్లో ముప్ఫై ఎనిమిది పళ్లపొడివే. నా నంబర్లు లేని పాతవి మూడింట్లో మాత్రం నిజం మందు ఉంది. వాటిని వాళ్లు పట్టుకెళ్లారు. మిగతా ఖాళీ ఇత్తడి నాకిచ్చేసి, సంతకం పెట్టించుకున్నారు. వెళ్లేముందు వాళ్ల పెద్దాయన రిపోర్టులో ఏం రాయాలో తెలీక చాలాసేపు నిలబడ్డాడు. ఎదురు డాబా మీద జనం నిరాశగా దిగిపోయారు. మా ఆయన ఆ రోజంతా నవ్వారు. నేను మాత్రం నవ్వలేదు. రెండు ఎండాకాలాలు, రెండు నోటుబుక్కులు, పళ్లపొడిని దశాంశ స్థానాల్లో తూచినదాన్ని నేను.

ఆ ఆదివారం నాగాయలంక వెళ్లాను. పెద్దమ్మ వాకిట్లో చేపలు తోముతోంది. ఏం ఉపోద్ఘాతం లేకుండా, "పెద్దమ్మా, పళ్లపొడి నువ్వేనా?" అన్నాను.

ఆవిడ చెయ్యి ఆగలేదు. "నేను కాక ఇంకెవరే? ఆ రేకు చప్పుడు విన్నాక నాకు నిద్దరపట్టలేదు. ఆయనకి చూపు ఆనదు, చేతులు వణుకుతాయి. మానెయ్యమంటే మానేరకమా? ఆయన బందరు నుంచి డబ్బా తేగానే మందు కాలవలో పారబోసి పళ్లపొడి పోసేదాన్ని. రెండూ నలుపేగా."

"మరి నాకైనా చెప్పొచ్చుగా! నన్ను చూసి నీకు నవ్వొచ్చి ఉంటుంది."

"ఎందుకు నవ్వొస్తది? అంత శ్రద్ధగా తూచేదానివి. ఏడుపొచ్చేది."

ఆవిడకి నీళ్లందిస్తూ అన్నాను. "పాపం పెదనాన్న. ఉప్పుగాలనే అనుకుంటూ పోయారు."

పెద్దమ్మ చేపని నీళ్లలో జాడించి గిన్నెలో వేసింది. "ఏం అనుకోలేదు. ఆయనకి తెలుసు. మొదటి ఏడు నువ్వెళ్లిపోయాక ఏదో అనుమానమొచ్చి ఆ మందు వేలితో నాలిక మీద రాసుకుని చూశాడట. ఆ తర్వాత పళ్లపొడికి కొట్టుకి పంపిస్తే రెండు డబ్బాలు తెచ్చాడు. ఒకటి పళ్లకి, ఒకటి తుపాకీకి అన్నాడు."

"అంటే రెండో ఎండాకాలం నేనొచ్చేటప్పటికి..."

"తెలుసు."

"తెలిసీ నాతో కలిసి నెల్రోజులు తూచారా?"

"చెప్పెయ్యి, పాపం పిల్ల కళ్లు పోగొట్టుకుంటంది అన్నాను. 'చెప్తే ఇంక అది ఇక్కడికెందుకొస్తది?' అన్నాడు" అని, పెద్దమ్మ చేతులు కడుక్కుని, పొయ్యి వెలిగించడానికి లోపలికి వెళ్లింది.

నేను అరుగు మీద కూర్చున్నాను. పులుసు ఉడికేదాకా అక్కడే కూర్చున్నాను.