మా అమ్మ తిన్న పొయ్యి

నేను కడుపులో ఉన్నప్పుడు మా అమ్మ పొయ్యి తిన్నది. పొయ్యి మీద వండినది కాదు, పొయ్యినే. సూర్యాపేటలో మా పాత వంటింట్లోని మట్టిపొయ్యికి ఒక మూల ఉండేది కాదు. ఆత్మకూరు నుంచి ఏ చుట్టం వచ్చినా అమ్మ ఆ మూలనూ నన్నూ చూపించి మరీ చెప్పేది. "ఇది కడుపుల ఉన్నప్పుడు గోటితోని గీక్కొని గీక్కొని తిన్న. అందుకే దీనికి మన్ను రంగొచ్చింది." అందరూ నవ్వేవాళ్లు, నేను మూతి ముడుచుకునేదాన్ని. రంగు మా నాన్నది, నింద మాత్రం పొయ్యిది.

2008లో నేను మిర్యాలగూడలో కాపురం ఉన్నాను. మా ఆయన రైసుమిల్లులో గుమాస్తా. అంతకుముందు రెండుసార్లు మూడో నెల దాటకుండానే కడుపు పోయింది. మూడోసారి నిలిచి నాలుగో నెల పడ్డాక, అడుగు తీసి అడుగు వెయ్యాలన్నా భయపడ్డాను. ఈ బిడ్డ నాకు కావాలి, అంతే. అంత భయంలోనూ నోరు మాత్రం ఊరుకోలేదు. వానకు గోడలు తడిసిన వాసన వస్తే చాలు, నోరూరేది.

కడుపుతో ఉన్నదాని కోరిక తీర్చకపోతే పుట్టే బిడ్డకు చెవుల్లో చీము కారుతుందని మా వైపు నమ్మకం. అమ్మకు ఆ నమ్మకం ఒక పాలు ఎక్కువే. కుమ్మరింట్లో అడిగి తీసుకున్న కాలిన కుండపెంకులను కొంగున మూటకట్టుకొని బస్సెక్కి వచ్చేది. కూతురికి పళ్లు తెచ్చే తల్లులుంటారు. మా అమ్మ పెంకులు తెచ్చింది. నేను వాటిని బియ్యం డబ్బాలో దాచుకొని, మా ఆయన మిల్లుకు పోగానే కరకర నమిలేదాన్ని.

ఐదో నెలలో డాక్టరమ్మ దగ్గరికి అమ్మే తోడు వచ్చింది. రక్తం తక్కువగా ఉందని, "ఏం తింటున్నావమ్మా?" అని ఆవిడ అడిగింది. నేను పాలు, ఆకుకూరలు అంటూ అబద్ధాలు మొదలుపెట్టేలోపే అమ్మ గర్వంగా అందుకుంది.

"మంచిగ తింటది మేడం. పెంకులు నేనే తెస్త. నా లెక్కనే. నేనైతే పొయ్యే తిన్న."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "మట్టిలో సీసం ఉండొచ్చు, ఆర్సెనిక్ ఉండొచ్చు. ఆర్సెనిక్ అంటే పాషాణం."

"ఎలుకలకు పెట్టేదా?" అంది అమ్మ.

"అలాంటిదే. మీ మట్టిలో ఉందో లేదో నాకు తెలియదు. ఉంటే మాత్రం బిడ్డకు చేరుతుంది. లోపల ఉన్నది ఆడపిల్లయితే, రేపు ఆ పిల్ల కనబోయే పిల్లల అండాలు ఇప్పుడే తయారవుతుంటాయి. వాటికీ హాని జరగొచ్చు. తల్లి తిన్నది ఎప్పుడో కూతురి కాన్పులో బయటపడొచ్చు."

బస్టాండులో బెంచీ మీద కూర్చున్నాక అమ్మ మెల్లగా అడిగింది.

"గా రెండు పోయినయి... నా పొయ్యి వల్లనేనా బిడ్డా?"

ఎవరికి తెలుసు? డాక్టరమ్మకే తెలియదు. నాకు దుఃఖం పొంగుకొచ్చింది. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. "నువ్వు పొయ్యి తిన్నవ్, నేను పెంకులు తిన్న. దొందు దొందే," అన్నాను. ఎప్పుడూ ముందు నవ్వే మనిషి ఆ రోజు నవ్వలేదు. ఇంటికి రాగానే బియ్యం డబ్బాలో మోచేతిదాకా చెయ్యి పెట్టి పెంకులన్నీ ఏరి పారేసింది.

నెలలు నిండి క్షేమంగా ఆడపిల్ల పుట్టింది. ఇరవై ఒకటో రోజు ఉయ్యాలలో వేసినప్పుడు, పొయ్యి కథ చెప్పమని చుట్టాలు అమ్మను బతిమాలారు. "ఏం పొయ్యి? నేనేం తినలే," అని లేచిపోయింది. చిన్నప్పుడు నన్ను ఎంత ఏడిపించిందో ఆ కథ. అది లేకపోయేసరికి నాకే వెలితిగా అనిపించింది.

నా కూతురికి ఐదేళ్లు వచ్చాయి. ఒక మధ్యాహ్నం సూర్యాపేటలో అరుగు మీద పలక ముందు పెట్టుకొని, బలపం నములుతూ అమ్మమ్మకు దొరికిపోయింది. అమ్మ చేతిలోని చాట వదిలేసి ఉరికొచ్చి, దాని నోట్లో వేలు పెట్టింది.

"ఉమ్మెయ్ తల్లీ, ఉమ్మెయ్! నీ పిల్లలకు తగుల్తదే!"

నోరంతా తెల్లగా చేసుకున్న నా కూతురు కిలకిలా నవ్వింది. "నాకు పిల్లలేడున్నరు అమ్మమ్మా?"

నేనూ నవ్వబోయాను. అమ్మ కొంగుతో దాని నాలుక తుడుస్తూనే ఉంది.

"ఉన్నరు. ఇప్పుడే నీ కడుపుల ఉన్నరు. మీ అమ్మ నా కడుపుల ఉన్నప్పుడు నాకు ఎవ్వరు చెప్పలే."