బూష్తా దిగిన గద్దె

ఫలానా దేశంలో రాజు గద్దె దిగిపోయాడని సంతలో కబురు వచ్చినప్పుడల్లా, మతి చెడితే తప్ప ఎవడైనా దిగుతాడా అని జనం ముక్కున వేలేసుకునేవారు. బడిలో చదువు చెప్పే బూష్తా మాత్రం నవ్వేవాడు. "దిగడంలో ఉన్న రుచి మీకేం తెలుసర్రా? నేనూ దిగినవాణ్ణే" అనేవాడు. అవి ఉత్త కోతలేం కావు.

ఫెస్ నగరంలో చదువుకునే కుర్రాళ్లు ఏటా వసంతంలో తమలో ఒకణ్ణి సుల్తానును చేసి, ఏటి ఒడ్డున వారం రోజులు డేరాలు వేసేవారు. ఆ గద్దెను వేలంలో పాడుకోవాలి. ఆరో రోజున అసలు సుల్తాను వస్తాడు. ఉత్తుత్తి సుల్తాను గుర్రం మీదే ఉండి ఆయన ముందు గొప్పలు కొట్టాలి. ఆయన నవ్వాక దిగి, ఒక్క కోరిక కోరుకోవచ్చు.

బూష్తా అక్కడ చదువుకునే రోజుల్లో అతని అన్న జిలాలీ రెండేళ్లుగా చెరలో మగ్గుతున్నాడు. వాళ్ల సీమ అధికారి ఖాయిదు దొర అడిగిన కంచర గాడిదను ఇవ్వననడమే అతని నేరం. ఊరంతా తేనె, ఒలీవ నూనె అమ్మి బూష్తా చేత గద్దె పాడించింది.

ఐదు రోజులు గొడుగు నీడన ఊరేగాడు. మేకపోతు మాంసంతో కుస్‌కుస్ అనే గోధుమరవ్వ వంటకం కడుపారా తిన్నాడు. వజీరు వేషం కట్టిన తుహామీ చెవిలో జోరీగలా పోరు పెట్టాడు.

"ఒరే, మీ అన్న ఎక్కడికీ పోడు. నీకో ఇల్లు అడుగు, జీతం అడుగు. మళ్లీ ఈ అదృష్టం పడుతుందా?"

"మా ఊళ్లో తేనెపట్టు ఒక్కటి మిగల్లేదురా. నోర్మూసుకో."

ఆరో రోజు అసలు సుల్తాను గుర్రం కనబడగానే బూష్తా గొప్పలన్నీ మరిచిపోయాడు. అన్న మొహం ఒక్కటే కళ్లలో మెదిలింది. గభాలున దిగి ఆయన రికాబు పట్టుకున్నాడు.

"ఎక్కరా, ఎక్కు! ముందు గొప్పలు, ఆ తర్వాత దణ్ణం!" తుహామీ పళ్లు నూరాడు. ఆచారం చెడితే కోరికా చెడినట్టే.

"యుద్ధం మొదలవకముందే లొంగిపోయావేమయ్యా?" అన్నాడు సుల్తాను.

బూష్తాకు ఎక్కడ లేని తెగింపూ వచ్చింది. "మౌలాయ్, ప్రభూ, నా రాజ్యంలో నల్లులూ పేలూ తప్ప ప్రజల్లేరు. వాటికి పన్నుల్లేవు, చెరలు లేవు. మా అన్న మాత్రం మీ రాజ్యంలో చిక్కుకున్నాడు. వాణ్ణి నాకిచ్చేసి, నా గద్దె మీరే ఉంచేసుకోండి."

సుల్తాను కడుపుబ్బ నవ్వాడు. నవ్వి, అక్కడికక్కడే విడుదల ఆజ్ఞ రాయించాడు.

బూష్తా జరీ అంగీ తుహామీ మొహాన విసిరి, అతుకుల అంగీ తొడుక్కుని చెరసాలకు పరుగెత్తాడు. తలుపు తెరుచుకుంది. జిలాలీ ఎండకు కళ్లు చికిలిస్తూ బయటికొచ్చాడు. తమ్ముణ్ణి ఎగాదిగా చూసి, "సుల్తానువయ్యావన్నారు, ఇంకా ఈ చింకి గుడ్డలేంట్రా?" అన్నాడు. ఇద్దరూ వాటేసుకుని ఏడ్చారు, నవ్వారు.

"మరి పెద్ద పెద్ద రాజులెందుకు దిగుతారంటావు?" అని సంతలో జనం గుచ్చి గుచ్చి అడిగేవారు.

"వాళ్ల సంగతి నాకేం తెలుసు? నేనెందుకు దిగానో చూపిస్తా, చూడండి" అని బూష్తా బాట వైపు చెయ్యి చాపేవాడు. అటు నుంచి తెల్లగడ్డం జిలాలీ, కంచర గాడిదను తిట్టుకుంటూ తోలుకొచ్చేవాడు.