మూతికి జున్నుపాల మందు

కాదండీ, తప్పంతా నాదే అంటే ఎలా? బెల్లం కలిపింది ఎవరు? మా మేనత్త. మిరియాలు దంచింది ఎవరు? ఆమే. మరి సూర్యాపేటలో పెళ్లిచూపులకు నేను కందిరీగలు కుట్టినట్టున్న మూతితో వెళ్తే, చుట్టాలంతా ఇప్పటికీ నన్ను చూసే నవ్వుతారేం? ఆ ఘోరం మీరే వినండి.

ముందురోజే హైదరాబాద్ నుంచి వచ్చి కోదాడలో అత్త ఇంట్లో దిగాను. తెల్లారేసరికి కింది పెదవి మీద బఠాణీలు పేర్చినట్టు నీటిపొక్కులు.

"హెర్పిస్ అత్తా, వైరస్," అన్నాను ఫోన్ చూసి.

"ఆ పేరు ఆడ అనకు, సంబంధం ఖతమైతది. దవాఖానకు పో."

"ఫోన్ చేతిలో ఉండగా డాక్టరెందుకు?" కస్సుమన్నాను.

పాలలో లాక్టోఫెర్రిన్ అనే ప్రొటీన్ ఉంటుందట. ల్యాబ్‌లో అది హెర్పిస్ వైరస్‌ను కణాల్లోకి దూరనివ్వలేదట. ఈనగానే వచ్చే పాలలో మరీ ఎక్కువట. 'ల్యాబ్‌లో' అన్న ముక్కను నా వేలు ఎంత వేగంగా దాటేసిందో! అత్త బర్రె నిన్ననే ఈనింది. వంటింట్లో గిన్నెనిండా జున్నుపాలు. దూది ముంచాను, పూశాను, మళ్లీ ముంచాను. భగ్గుమంది. వైరస్‌లు చస్తూ తన్నుకుంటున్నాయనుకుని ఇంకో పూత దట్టించి, ఫ్యాన్ కింద కళ్లు మూసుకున్నాను.

లేచేసరికి మూతి మీద చీమల బారు. వంటింట్లోంచి అత్త అరుపు.

"నా జున్నుగిన్నెల దూదేసిందెవర్రా?"

"మందు పూసుకున్నా అత్తా. ఉత్త పాలే కదా!"

"ఉత్త పాలా? బెల్లం, మిరియాలపొడి కలిపి, ఆవిరికి పెడదామని ఉంచిన! పిల్లోళ్లింటికి తీస్కపోయే జున్నురా అది! నీ పుండుకు పెట్టిన దూది అండ్ల ముంచితే ఇగ ఎవలు తింటరు?"

గిన్నె మొత్తం పారబోసింది.

సూర్యాపేటలో గడప దాటామో లేదో, పిల్ల నానమ్మ ఆశగా అడిగింది. "ఫోన్ల జున్ను తెస్తనంటివి, ఏదమ్మా?"

అత్త నా మూతివైపు చూపించింది. "గాడున్నదమ్మా. అంత గాడనే ఉన్నది."

కథంతా చెప్పేసింది, హెర్పిస్ పేరుతో సహా. ఇల్లంతా పగలబడి నవ్వింది. నాకు ఒళ్లు మండి, "సైన్సండీ ఇది, చదవండి!" అని ఫోన్ పిల్ల చేతిలో పెట్టాను. ఓపిగ్గా చివరిదాకా చదివింది.

"ఆ ల్యాబోళ్లు గూడ మిరియాలు కలిపిన్రాండి?"

సంబంధం కుదిరింది. డాక్టరుకు చూపించుకుని, పొక్కులు మానాకే ముహూర్తమంది పిల్ల.

ఇకపై నా మూతికేమొచ్చినా ఫోన్‌కు చూపించనని ఆ బర్రె మీద, దాని దూడ మీద ప్రమాణం చేస్తున్నాను. కానీ అత్త బెల్లం కలపకుండా ఉండుంటే తగ్గి ఉండేదే. కాదని చెప్పే ధైర్యం మీలో ఎవరికుంది?