బటన్ మాస్టారి రెండు మాండలిన్లు

ఆసుపత్రి మొదటి అంతస్తులో, ఎక్స్‌రే గదిని ఆనుకుని వినికిడి పరీక్షల గది ఉంది. అక్కడ ఇరవై ఆరేళ్లుగా పనిచేస్తున్న ఆయన్ని అందరూ బటన్ మాస్టారంటారు. వచ్చినవాళ్లను అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, చేతిలో బటన్ పెట్టి, శబ్దం ఎంత చిన్నగా వినబడినా సరే నొక్కమని చెప్పడం ఆయన ఉద్యోగం. ఆ మాట నిద్రలో కూడా అంటారని ఆయన భార్య చుట్టాలందరికీ చెప్పి నవ్విస్తూ ఉంటుంది.

మాస్టారికి ఉన్న ఒకే ఒక్క పిచ్చి మాండలిన్. కుర్రతనంలో కొన్న ప్లైవుడ్ మాండలిన్‌నే ఇంతకాలం లాక్కొచ్చారు. రెండేళ్ల కిందట దాని మెడ వంగింది. తీగలు ఎంత బిగించినా ఐదు నిమిషాల్లో శ్రుతి జారిపోయేది. దాంతో, బతికినన్నాళ్లూ తోడుండే మంచి మాండలిన్, చేత్తో చెక్కినది ఒకటి కొనాలని నిర్ణయించుకున్నారు. ఆ నిర్ణయానికి ఒక్క పూట పట్టింది. ఏది కొనాలన్నది మాత్రం రెండేళ్లయినా తేలలేదు.

ఆయన ఎక్కని షాపు మెట్లు లేవు. చూసిన ప్రతి మాండలిన్ గురించీ నోటుబుక్కులో రాసుకున్నారు: పైచెక్క ఏ చెట్టుది, మెడ ఎంత వెడల్పు, మీటిన స్వరం ఎన్ని సెకన్లు నిలబడింది. ఒకచోట కూర్చుని అన్నం తినడం మానేశారు. కంచం ముందు కూర్చుని మధ్యలో లేచి వెళ్లి బుక్కు తెచ్చుకునేవారు. మా అక్కను చేసుకోవడానికి పావుగంట కూడా ఆలోచించలేదు కదా బావా అని బావమరిది ఎకసెక్కాలాడినా పట్టించుకోలేదు.

చివరికి వడపోతలో రెండు మిగిలాయి. రెండూ స్టేషను వెనక వీధిలోని వాయిద్యాల షాపులోవే. మొదటిదానికి మధ్యలో గుండ్రటి రంధ్రం; దాని స్వరం లోతుగా, నిండుగా ఉంటుంది. రెండోదానికి రెండు పక్కలా పొడుగ్గా, మెలి తిరిగిన రంధ్రాలు. ధర చూస్తే మొదటిదానికి దాదాపు రెట్టింపు. అంత ఎందుకని మాస్టారు అడిగితే షాపాయన అన్నిటికంటే సన్నటి తీగను మీటాడు.

"చివర్న ఆ మెరుపు చూశారా? దానికే ఈ ధర" అన్నాడు.

మాస్టారు విన్నారు. మళ్లీ మీటించి, కళ్లు మూసుకుని విన్నారు. ఆయనకు మెరుపూ లేదు, ఉరుమూ లేదు. సరుకు అమ్ముకోవడానికి ఇలాంటివి వంద చెబుతారని తీర్మానించి ఇంటికొచ్చేశారు.

తీర్మానించినవాళ్లు మొదటిది కొనుక్కుని ఊరుకోవాలా వద్దా? ఊరుకోలేకపోయారు. మంగళవారం వెళ్లారు, గురువారం వెళ్లారు, భోజనాల వేళ చొక్కాకున్న ఆసుపత్రి కార్డు కూడా తీయకుండా వెళ్లారు. తీగలు మీటే పిక్ ముక్క మార్చి మీటారు. గుమ్మంలో నిలబడి మీటారు, చెక్కకు చెవి ఆనించి మీటారు. ఒకరోజు షాపులో ఉన్న పాటల టీచరును, రెండిటికీ తేడా ఏమైనా ఉందంటారా అని మాటవరసకు అడిగారు. పాలకీ నీళ్లకీ తేడా ఏమిటని అడిగినట్టు చూసిందావిడ. ఆవిడ నోరు విప్పేలోపే మాస్టారు బస్సు టైమైందని చెప్పి బయటపడ్డారు. ఆయనకు భయం పట్టుకుంది.

మర్నాడు అరగంట ముందే డ్యూటీకి వచ్చి, గది తలుపు గడియపెట్టి, మెషీన్ దానంతటదే శబ్దాలు పంపేలా అమర్చి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని అద్దాల గదిలో తానే కూర్చున్నారు. బటన్ నొక్కుతూ పోయారు. కాగితం మీద గీత పసిపిల్లలకు వచ్చినంత చక్కగా వచ్చింది. హమ్మయ్య అనుకున్నారు.

ఆ హమ్మయ్య పది నిమిషాలే నిలిచింది. మంచినీళ్లు తాగుతుంటే చెయ్యి ఆగిపోయింది. ఆ పాత మెషీన్ మూడుసార్లు కూసి, అంతే సేపు ఆగి, మళ్లీ మూడుసార్లు కూస్తుంది. ఇరవై ఆరేళ్లుగా వింటున్న వరస అది. పైగా మాండలిన్ వాయించే చెయ్యి. చెవికి ఏమీ వినబడకపోయినా బొటనవేలు లెక్క తప్పకుండా తాళం వేసింది. లైసెన్సు కోసం వినబడుతోందని బుకాయించే డ్రైవర్లను రెండు నిమిషాల్లో పట్టేసే మనిషి తన వేలిని పట్టుకోలేకపోయారు.

అదే వారం షాపాయన ఫోన్ చేశాడు. రెండో మాండలిన్ ఆ పాటల టీచరుకు నచ్చిందట, శనివారం సాయంత్రం వచ్చి తీసుకుంటుందట. ముందు నుంచీ తిరుగుతున్నది మీరు కాబట్టి మీ మాట తేలాకే ఆవిడకిస్తానన్నాడు. ఇక మాస్టారికి కాలు నిలవలేదు. వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ తిరిగారు. నోట్లో నోట్లో గొణుగుతావు, ఒక్క మాటా తెలిసి చావదని భార్య మీద విసుక్కున్నారు. ఆవిడ బడిలో నలభైమందికి లెక్కలు చెప్పే మనిషి. గొణిగితే అక్కడ ఎలా నెగ్గుకొస్తుందన్న ఆలోచన ఆయనకు రాలేదు, లేదా రానివ్వలేదు.

శనివారం పొద్దున గదికి సెలవు. మాస్టారు భార్యను వెంటబెట్టుకుని వెళ్లి మెషీన్ ముందు కూర్చోబెట్టారు. ఏ డయల్ శబ్దం మారుస్తుందో, ఏది పెంచుతుందో చూపించారు.

"వరసా గిరసా ఏమీ పెట్టుకోకు. నీ ఇష్టమొచ్చినప్పుడు పంపు, ఇష్టమొచ్చినంతసేపు ఆగు. నాకు మాత్రం తెలియకూడదు" అన్నారు.

హెడ్‌ఫోన్లు పెట్టుకుని అద్దాల గదిలో కూర్చున్నారు. మొదట్లో వచ్చినవి వచ్చినట్టు వినబడ్డాయి. నొక్కారు. తర్వాత నిశ్శబ్దం. ఆవిడ ఊరికే ఆగిందేమో అనుకున్నారు. బొటనవేలు నొక్కుతానని మారాం చేసింది, దాన్ని బిగబట్టుకున్నారు. తలెత్తి చూస్తే అద్దం అవతల ఆవిడ డయల్ తిప్పుతూనే ఉంది, ఇంకా తిప్పుతూనే ఉంది. చూడకూడదని గుర్తొచ్చి కుర్చీని గోడవైపు తిప్పుకున్నారు. ఆ గదిలో వేలమందిని కూర్చోబెట్టారు గానీ, అక్కడ కూర్చున్నవాళ్లకు ఒక్కో నిమిషం ఎంత పొడుగ్గా ఉంటుందో ఆయనకు అంతవరకూ తెలియదు.

కాగితం మీద గీత సగం దాకా సాఫీగా వచ్చి, అక్కణ్ణుంచి నిట్టనిలువునా దిగిపోయింది. మాస్టారు అలవాటు కొద్దీ పెన్ను తీసి, ఇది పై స్థాయి శబ్దాల నష్టమనీ, వయసుతో వస్తుందనీ, మాటల్లో కొన్ని అక్షరాలు జారిపోతాయనీ, ఎవరి రిపోర్టో చదివినట్టు వివరించారు. భార్య అంతా విని, తనకు తెలుసంది.

"నేను మిమ్మల్ని పిలవడం మానేసి రెండేళ్లయింది. దగ్గరికొచ్చి భుజం తడుతున్నాను. మీరు చూసుకోలేదు."

"మరి చెప్పొద్దూ?"

"వినికిడి సంగతి మీకు నేను చెప్పాలా?"

ఆయనకు ఒళ్లు మండింది, ఎవరి మీదో తెలియలేదు. రోగులకు వారం రోజులు వాడి చూడమని ఇచ్చే వినికిడి పరికరాలు సొరుగులో ఉన్నాయి. ఒక జత తీసి, రిజిస్టరులో రోగి పేరు రాసేచోట తన పేరు రాసి, చెవులకు పెట్టుకుని బయల్దేరారు. దారంతా చెప్పులు కీచుమన్నాయి, జేబులో తాళాలు గలగలలాడాయి. ఇంత గోల ఎక్కడ దాక్కుందో ఇన్నాళ్లూ అనుకుంటూ గబగబా నడిచారు. వెనక భార్య పరుగులాంటి నడకతో అందుకుంది.

షాపులో ముందు గుండ్రటి రంధ్రం ఉన్నది మీటారు. తర్వాత రెండోదాని సన్నటి తీగ మీటారు. స్వరం అయిపోతుందనుకున్న చోట ఇంకాస్త ఉంది. స్టీలు గ్లాసు అంచు మీద ఎండ తగిలినట్టు సన్నగా తళుక్కుమని, అప్పుడు ఆగింది. షాపాయన అబద్ధమాడలేదు, రెండేళ్లలో ఒక్కసారి కూడా ఆడలేదు. మాస్టారికి సిగ్గేసింది, కళ్లలో నీళ్లూ తిరిగాయి.

పరికరాలు తీసి జేబులో వేసుకుని రెండూ మళ్లీ మీటారు. రెండోది ఎప్పటిలాగే మధ్యలో మాయమైంది. మొదటిది చివరిదాకా వినబడింది. ఆ లోతంతా, ఆ నిండుతనమంతా ఏ సాయమూ లేకుండా ఆయన దాకా వచ్చింది. దాన్ని ఒళ్లోంచి దించలేదు.

"రెండోదే మంచిదండీ. మీరు మొదట్నుంచీ నిజమే చెప్పారు. దాన్ని ఆ టీచరుగారికిచ్చేయండి. నాకు ఇదివ్వండి" అన్నారు.

మంచిదని తెలిశాక మరి ఇదెందుకని షాపాయన అయోమయంగా అడిగాడు. మాస్టారు ఒకసారి భార్యవైపు చూశారు. ఏ రిపోర్టులోనూ ఆయన రాయని మాట, రోగుల ముందు అనకూడదని అందరికీ నేర్పిన మాట నోటికొచ్చింది.

"నాకు చెవుడొచ్చింది. పై స్వరాలు అందవు. ఇదైతే మొత్తం వినబడుతుంది."

షాపాయన బల్ల మీదుగా ముందుకు వంగి, మాస్టారి చెవి దగ్గర నోరు పెట్టి, అయితే పెట్టె కూడా ఇమ్మంటారా అని గొంతు చించుకుని అరిచాడు. షాపంతా ఇటు తిరిగింది. మాస్టారు ఒకడుగు వెనక్కి వేసి, రోగి వెంట వచ్చినవాళ్లకు రోజూ చెప్పే నెమ్మదైన గొంతుతోనే చెప్పారు.

"అరవక్కర్లేదండీ. నా ఎదురుగా నిలబడి మామూలుగా అడగండి, చాలు."