మనవాళ్ల నగర్

తిరువళ్లూరు స్టేషన్‌లో రైలు దిగి దక్షిణం వైపు బయటికి వస్తే తగిలే పేటను బస్సు కండక్టర్లు, పోస్ట్‌మన్, పెళ్లి పత్రికలు అచ్చువేసేవాళ్లు అందరూ మణవాళనగర్ అంటారు. ధనకోటమ్మ ఒక్కతే మనవాళ్ల నగర్ అంటుంది.

మొదట తప్పు ఆమెది కాదు, మొగుడిది. పెళ్లిచూపులనాడు కోదండరామ నాయుడు సిగ్గుపడి, తాను ఉద్యోగం చేసే చోటి పేరును సగం నోటితో చెప్పాడు. లోపలి గదిలోంచి విన్న పెళ్లికూతురు వాళ్లమ్మతో, "మనోళ్లు ఉండే ఊరంట మా, భాషకు కష్టం లేదు" అని సంతోషపడింది. కాపురానికి వచ్చిన మర్నాడు కుళాయి దగ్గర బిందె పెట్టి, "అక్కా, నీళ్లు ఎప్పుడొస్తాయి?" అని అడిగితే వరుసలో ఉన్న ఆడవాళ్లంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మణవాళన్ అంటే తమిళంలో పెళ్లికొడుకని ఆ సాయంత్రం మొగుడు విడమరిచి చెప్పాడు. "పెండ్లికొడుకుల ఊరా? యాడ, ఒక్కడూ కనపడలేదే" అని ఆమె అతన్ని ఎగాదిగా చూసిందట. పేరును మాత్రం మార్చుకోలేదు. ఆమెకు నోరు తిరగదని ఇంట్లోవాళ్లు తీర్మానించుకుని ఊరుకున్నారు.

ఆమె పుట్టిల్లు తిరుత్తణి పక్క పల్లె. ఆమె పుట్టినప్పుడు తిరుత్తణి ఆంధ్రాలో ఉండేది. చిన్నపిల్లగా ఉండగానే తాలూకాను తెచ్చి మద్రాసు రాష్ట్రంలో కలిపారు. ఆంధ్రాలో పడుకుని మద్రాసులో లేచానని ఆమె చెబుతుంది. నిద్ర ఏమాత్రం చెడలేదట.

మణవాళనగర్ ఇంటి వెనక ఒక పోర్షన్ ఉంది. ఒక గది, వంటిల్లు, బట్టలు ఉతుక్కునే బండ. అందులో వరసగా ఎవరెవరు ఉన్నారో చెబితే పేట కథ చెప్పినట్టే. మొదట రైల్వేలో పనిచేసే తెలుగువాళ్లు ఉండేవారు. పిల్లలు ఎదిగాక ఆవడిలో, అంబత్తూరులో ఫ్లాట్లు కొనుక్కుని వెళ్లిపోయారు. తర్వాత ఒక తమిళ టీచరమ్మ. తర్వాత చుట్టుపక్కల కంపెనీలు లేచాయి, వాటి వెంట తిరునెల్వేలి, ధర్మపురి కుర్రాళ్లు వచ్చి గదికి నలుగురు చొప్పున పడుకున్నారు. ఇప్పుడు కంపెనీ బస్సు ఆగే చోట నిలబడితే బీహారు, ఒడిశా, అస్సాం అన్నీ ఒకే బల్ల మీద కూర్చుని టీ తాగుతుంటాయి. ధనకోటమ్మ లెక్కలో ఇంత చీలిక లేదు. మనవాళ్లు కొందరు, తమిళులు కొందరు, మిగిలినవాళ్లంతా హిందీవాళ్లు. మోమోలు అమ్మే నేపాలీ అబ్బాయి హిందీవాడే. ఆస్పత్రిలో సూది వేసిన మలయాళీ నర్సు కూడా కొన్నాళ్లు హిందీదిగానే చలామణి అయింది.

కడపటి అద్దెవాళ్లు చెంగయ్య, రంగనాయకమ్మ అనే దంపతులు. అచ్చం మనవాళ్లు. రంగనాయకమ్మా ధనకోటమ్మా మధ్యాహ్నాలు చింతపండు గింజలు తీస్తూ, తీసిన గింజల కంటే ఎక్కువ మాటలు మాట్లాడుకునేవారు. మింజూరులో కొడుకు ఇల్లు కట్టుకుంటే ఆ దంపతులు అక్కడికి వెళ్లిపోయారు. కోదండరామ నాయుడు అప్పటికే పోయాడు. కొడుకు జయకుమార్‌కు తెలుగు వచ్చినా, పనిపడితే తప్ప అతని మాట "తిన్నావా", "మాత్ర వేసుకున్నావా" దగ్గర ఆగిపోతుంది. మిగతా రోజంతా అతను వాటర్ క్యాన్ల వ్యాపారం మీద ఫోన్లో తమిళం మాట్లాడుతూ ఉంటాడు. కోడలు విద్యాలక్ష్మిది పొన్నేరి, తమిళం తప్ప రాదు. మనవరాలు తనుశ్రీకి అవ్వ చెప్పేదంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం తమిళంలో వస్తుంది.

అలా ధనకోటమ్మ తెలుగుకు రెండే పనులు మిగిలాయి, దేవుడికి దండం పెట్టుకోవడం, మనుషుల్ని తిట్టుకోవడం. దేవుడు తిరిగి మాట్లాడడు. తిట్లు పడేవాళ్లకు అర్థం కాదు. ఇంటికి వచ్చినవాళ్లను తమిళంలో తేనె పూసి పలకరించి, మొహం పక్కకు తిప్పి అరుగు పక్కనున్న జాజితీగతో తెలుగులో వాళ్ల సంగతి చెప్పడం ఆమెకు అలవాటు. అదొక సుఖమే కానీ, ఒక మాట అంటే ఒక మాట తిరిగి రావడం అనేది ఆ ఇంట్లో ఆగిపోయింది. అందుకే పోర్షన్‌లోకి మనవాళ్లే రావాలని పట్టుబట్టి ఖాళీగా ఉంచింది. వేసవి గడిచింది.

జయకుమార్ గడువు పెట్టాడు. ఆడి, అంటే తమిళుల ఆషాఢ మాసంలో ఇల్లు మారే మనిషి ఈ చుట్టుపక్కల ఎవరూ ఉండరు.

"ఆడి పుట్టేలోగా మనిషి దొరికితే సరి మా. లేదంటే క్యాన్లు పెట్టేస్తా."

"క్యాన్లు నాతో మాట్లాడతాయారా?"

"వంచితే గుడగుడ అంటాయి" అన్నాడు జయకుమార్. మాటల్లో తల్లి పోలిక.

టీ బంకు నడుపుతూ ఇళ్లు చూపించే మురుగేశ్‌కు కబురు వెళ్లింది. వాడికి తెలుగులో తెలిసిన మాట "మనోళ్లు" ఒక్కటే. అదీ ధనకోటమ్మ చెప్పి చెప్పి నేర్పిందే.

ముందుగా శ్రీవాసవి అనే ఆమెను, ఆమె భర్తను తీసుకొచ్చాడు. తిరువళ్లూరు బజారులో వాళ్లకు పాత్రల అంగడి ఉంది. ఇద్దరూ చక్కటి తెలుగు మాట్లాడారు. ధనకోటమ్మ కళ్లు మెరిశాయి, కాఫీ చిక్కబడింది. అంతా కుదిరిందనుకుంటుండగా శ్రీవాసవి గొంతు తగ్గించి, "ఏమీ అనుకోవద్దు అవ్వా, మీ ఇంట్లో నీసు వండుతారా?" అని అడిగింది.

"ఆదివారం" అంది ధనకోటమ్మ.

"ఒక్క ఆదివారమేనా?"

"బుధవారం కూడా."

కాఫీ గ్లాసులు నిండుగానే ఉండిపోయాయి. తాను మనవాళ్లను వెతుకుతుంటే, ఆ మనవాళ్లు తమ మనవాళ్లను వెతుక్కుంటున్నారని ధనకోటమ్మకు అప్పుడే తెలిసింది.

తర్వాత వచ్చిన సుబ్రమణ్యం తిరుత్తణి వాడు, కులంలో కులం, తవ్వితే వరసకు తమ్ముడి కొడుకు కూడా అయ్యాడు. "తెలుగు పురియుమ్ అవ్వా, ఆనా పేస వరాదు" అన్నాడు. అర్థమవుతుంది కానీ మాట్లాడటం రాదట. ఆ మాట కూడా తమిళంలోనే చెప్పాడు. కారు ఎక్కడ పెట్టుకోవాలని అడిగి, బట్టల బండను చూసి వెళ్లిపోయాడు.

"తెలుగు రాని తెలుగోడు. ఉప్పు లేని ఉప్మా" అని ధనకోటమ్మ జాజితీగకు చెప్పింది.

ఆడికి ముందు రోజుల్లో ఒక సాయంత్రం మురుగేశ్ ఇంకో జంటను వెంటబెట్టుకొచ్చాడు. "పాట్టీ, హిందీవాళ్లే. కానీ మంచివాళ్లు" అన్నాడు తమిళంలో. వాడి పాట్టీ అంటే అవ్వ. మొగుడిది కార్ల విడిభాగాల కంపెనీలో పని. పెళ్లాం సన్నగా, పొడుగ్గా ఉంది. పేరు సస్మిత అట.

"వాంగమ్మా, ఉక్కారుంగ" అని ధనకోటమ్మ అరుగు చూపించి నీళ్లిచ్చింది. పెళ్లాం కూర్చుంది, మొగుడు నిలబడే ఉన్నాడు. పోర్షన్ సొంతమనుషులకు ఇస్తామని మాటిచ్చేశామని తమిళంలో ఎంతో నొచ్చుకుంటూ చెప్పింది. ఆ తర్వాత జాజితీగ వైపు తిరిగింది.

"మెడ చూడు, కొంగ మాదిరి. ఆ మెడకు మళ్లీ రెండు పేటల దండ. వీళ్లను పెట్టుకుంటే ఎండుచేపల కంపుకు గోడలు కూడా లేచి పోతాయి. మొగుడు చూడు, దించేందుకు చోటు లేని మూట మాదిరి నిలబడుండాడు. ఈ మురుగేశ్ గాడు కమిషన్ వస్తిందంటే కోతిని కూడా తెచ్చి కూర్చోబెడతాడు."

సస్మిత నీళ్లు తాగడం పూర్తి చేసింది. గ్లాసు అరుగు మీద బోర్లించింది.

"ఎండుచేపలు నాను ముట్టను మామ్మగారూ. ఈయన తింటాడు. మెడంటారా, అది మా నాన్నది. ఏటి చేస్తాం."

జాజితీగ కూడా కదల్లేదు. "పాట్టీ, ఆ పిల్ల ఏం చెప్పింది?" అని మురుగేశ్ ఇద్దరి మొహాలూ చూశాడు.

"నువ్వు... తెలుగా?" అంది ధనకోటమ్మ ఆఖరికి.

"బరంపురమండి. ఒడిశాయే గానీ మా వీధి మొత్తం తెలుగే. ఈయనది ఒడియా. మీరన్నది ఈయనకి తెలీలేదు, అందుకే నవ్వుతన్నాడు."

నిజంగానే మొగుడు మర్యాదగా నవ్వుతున్నాడు.

ధనకోటమ్మ చీర కొంగు సర్దుకుని, జరిగింది జరగనట్టు విచారణలోకి దిగింది. "పిల్లలుండారా?"

"ఒక గుంట ఉందండి. అత్తగారి దగ్గరుంది. ఇల్లు దొరికితే తెచ్చి ఇక్కడే బడిలో ఏస్తాను."

"గుంటను బడిలో వేసేదేందే?"

"గుంటంటే ఆడపిల్లండి."

"మా పక్క గుంటంటే నీళ్లు నిలిచేది."

"మరి కొంగ నిలబడేదీ అక్కడే కదండీ" అంది సస్మిత.

ధనకోటమ్మ నవ్వలేదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, అంతే. ఎన్నో నెలల తర్వాత ఒక మాటకు మాట తిరిగి వచ్చింది, అదీ సూటిగా వచ్చి తగిలింది. అయినా "రేపు చెప్తా" అని పంపేసింది.

ఆమెకు రెండు జంకులు. ఎండుచేపలు తినే ఒడియావాణ్ని ఇంట్లో పెట్టుకుంటే తిరుత్తణి చుట్టాలు ఏమంటారన్నది ఒకటి. ఈ పిల్ల పెరట్లో తిరుగుతుంటే ఇక తాను మనుషుల్ని ఎక్కడ తిట్టుకోవాలన్నది రెండోది. మొదటిదాన్ని కోడలితో చెప్పింది. రెండోదాన్ని దాచుకుంది.

మర్నాడు ఆడికి ముందు రోజు. పొద్దున్నే జయకుమార్ మినీ వ్యాన్‌ను సందులోకి వెనక్కి నడిపించాడు. నిండా ఖాళీ క్యాన్లు. చేతికి రెండేసి పట్టుకుని పోర్షన్ దగ్గరికి వచ్చేసరికి, గడప మీద తల్లి కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది.

"లెయ్ మా. వ్యాన్ వాడు వెయిటింగ్."

"లోపలికి మనుషులు వస్తా ఉండారు."

"ఎవరు?"

"మనోళ్లు."

"మురుగేశ్ చెప్పినాడే, ఆ ఒడిశా వాళ్లా? వాళ్లు మనోళ్లు ఎప్పుడైనారు?"

"తెలుగు మాట్లాడితింది రా ఆ పిల్ల."

"బరంపురం ఒడిశాలో ఉండాది మా."

"ఉంటే? తిరుత్తణి ఆంధ్రాలో ఉండింది. నేను మంచం మీద నుంచి కదల్లేదు, ఊరే పోయింది. వాళ్ల ఊరు కూడా అట్టనే ఏదో పక్కకు పోయుంటింది. ఆ పిల్లేం చేస్తింది?"

జయకుమార్‌కు తెలిసినంతలో భూగోళ శాస్త్రం ఎక్కడా ఇంత ధైర్యంగా మాట్లాడలేదు. "రేపటి నుంచి ఆడి. ఎవరూ మారరు" అన్నాడు చివరి ప్రయత్నంగా.

"ఈ పొద్దే వస్తారు. తనూ! పోయి మురుగేశ్‌తో చెప్పుపో."

"సరి అవ్వా" అని తమిళంలోనే అని తనుశ్రీ పరిగెత్తింది. క్యాన్లు మేడ మెట్ల మీదికి ఎక్కాయి. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి, పైకి వెళ్లాలంటే ఒంటికాలి మీద వెళ్లాలి.

చీకటి పడకముందే సస్మిత, మొగుడు, ఒక గ్యాస్ స్టవ్, ఒక పరుపు, చుట్టూ తాడు కట్టిన కుక్కర్ పోర్షన్‌లోకి చేరాయి. గుంట పది రోజుల తర్వాత నాన్నమ్మతో రైల్లో వచ్చింది.

ఆ తర్వాత ధనకోటమ్మ సుఖపడిందని చెప్పడానికి లేదు. మధ్యాహ్నాలు చింతపండు ముందు కూర్చుంటే సగం సేపు గొడవే. "యాడ" తప్పని ఒకరు, "ఏటి" తప్పని ఒకరు. "మామ్మ ఏందే, అవ్వ అను" అని ఈమె. "అవ్వంటే ముసలిదండి, మామ్మంటే మర్యాద" అని ఆమె. ఎండుచేపలు వేగే రోజు ధనకోటమ్మ ముందు వాకిట్లోకి మకాం మారుస్తుంది. తిట్ల సంగతి ఇంకా ఘోరం. ఎవరైనా వచ్చి వెళ్లాక ఆమె జాజితీగ వైపు తిరిగితే వెనక పోర్షన్‌లోంచి పకపకా నవ్వు వినిపిస్తుంది. ఒక్కోసారి, "ఇంకో మాట మర్చిపోయారండి" అని అందింపు కూడా.

అన్నిటికంటే పెద్ద దెబ్బ మనవరాలి దగ్గర తగిలింది. పుట్టినప్పటి నుంచి అవ్వకు ఒక్క తెలుగు ముక్క అప్పజెప్పని తనుశ్రీ, గుంటతో ఆడుకుని ఆడుకుని ఒకరోజు అన్నం దగ్గర, "ఏటి కూర?" అని అడిగింది. ధనకోటమ్మ గరిటె ఆగిపోయింది. తెలుగు వచ్చినందుకు సంతోషించాలో, ఆ తెలుగు వచ్చినందుకు ఏడవాలో తేలక, రెండు గరిటెలు ఎక్కువ వడ్డించింది.

మొన్న సస్మిత ఏదో పార్సిల్ తెప్పించుకుంది. డెలివరీ అబ్బాయి దారి తప్పి ఫోన్ చేశాడు. "మనవాళ్ల నగర్ భయ్యా, మనవాళ్ల నగర్" అని పెరట్లోంచి ఆమె అరుస్తోంది. అవతలి వాడు అలాంటి పేరే లేదంటున్నాడు. కాసేపు విన్న ధనకోటమ్మ లేచి వెళ్లి ఫోన్ లాక్కుంది.

"మణవాళనగర్!" అంది. ణకారం, ళకారం రెండూ గంట కొట్టినట్టు పలికాయి. స్నానాల గదిలోంచి జయకుమార్ తల బయటికి పెట్టి చూశాడు. సందు గుర్తులన్నీ తమిళంలో చెప్పి ఆమె ఫోన్ తిరిగి ఇచ్చేసింది.

"మరి మీరేటి ఎప్పుడూ మనవాళ్ల నగర్ అంటారు?" అంది సస్మిత. "మీ నోట్లో ఇనే కదా నాను నేర్చుకున్నాను."

"నేనంటాను. నువ్వు అనబాక" అంది ధనకోటమ్మ చింతపండు ముందు మళ్లీ కూర్చుంటూ. "నువ్వంటే పార్సిల్ రాదు."