వరస తెలియని ఎగతాళి

కిల్లో సోమన్నకు కోపం వస్తే నోటితో చెప్పేవాడు కాదు, నడకలో తెలిసేది. రెండువేల ఏడో సంవత్సరం వానాకాలమంతా ప్రతి శుక్రవారం అరకు సంత నుంచి కొండెక్కి వచ్చేటప్పుడు అతని అడుగులు దబదబా పడుతుండేవి. భుజాన ఉప్పు మూట, చేతిలో ఊచ విరిగిన గొడుగు, నోట్లో ఏదో గొణుగుడు. గుమ్మంలో నిలబడ్డ ఈశ్వరమ్మకు అడగకుండానే తెలిసిపోయేది, మొగుడు మళ్ళీ ఆ పెట్టె ముందు కూర్చుని వచ్చాడని.

ఆ కంప్యూటరు పెట్టె సంత వీధిలో మల్లేశు నెట్ సెంటర్‌లో ఉండేది. మల్లేశుది బొబ్బిలి వైపు. బతుకుతెరువుకి కొండెక్కి వచ్చిన మనిషి. వానలో తడిసి వచ్చిన వాడికి ముందు తువ్వాలు ఇచ్చి, ఆ తర్వాతే కుర్చీ చూపించేవాడు. సోమన్న మొదటిసారి ఆ గుమ్మం తొక్కింది మిరియాల కోసం.

కాఫీ తోటలో నీడకని పెంచిన సిల్వర్ ఓక్ చెట్లకు సోమన్న, ఈశ్వరమ్మ కలిసి మిరియాల తీగలు పాకించారు. ఎండాకాలంలో ఊట దగ్గర నుంచి ఈశ్వరమ్మ కుండలతో నీళ్ళు మోసింది. ఆ మోతకి ఆమె మెడ ఒక పక్కకి ఒరిగిపోయిందని సోమన్న బాధ. తీగలు ఆ ఏడే తొలికాపుకి వచ్చాయి. తొలి గుత్తి ఊరి దేవత నిశాని రాయి దగ్గర పెడతానని ఆమె మొక్కుకుంది. వానలు దిగిన కొన్నాళ్ళకే కింది ఆకులు పసుపెక్కి రాలడం మొదలైంది. ఇవాళ పచ్చగా ఉన్న తీగ మళ్ళీ సంత వచ్చేసరికి కట్టెలా నల్లబడుతోంది. కాఫీ తోటలు చూసే ఉద్యోగి బదిలీ మీద వెళ్ళిపోయాడు, కొత్తాయన ఇంకా రాలేదు. ఎవరిని అడగాలో తోచని సోమన్నకు మల్లేశు ఒక దారి చెప్పాడు. ఇంటర్నెట్‌లో ఆర్కుట్ అనే చోట ‘పెరటి తోట’ అని తెలుగువాళ్ళ గుంపు ఒకటి ఉందట. మొక్కల గురించి ఏం అడిగినా చెబుతారట.

తెలుగు మాటని ఇంగ్లీషు అక్షరాలలో ఎలా కొట్టాలో మల్లేశే నేర్పాడు. ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి దాకా చదివిన సోమన్న ఒక్క వేలితో, వరినాట్లు వేసినంత శ్రద్ధగా కొట్టాడు. కొత్త ఊరికి వెళ్ళిన మనిషి ఎలా మాట్లాడాలో అలాగే రాశాడు. పేరు, ఊరు, తమది కిల్లో అని, అంటే పులి వంశమని, భార్య పుట్టింటివాళ్ళు పాంగి వారని, అంటే గద్ద వంశమని, అందరూ క్షేమమని తలుస్తున్నానని. చివర్లో తీగల సంగతి.

తర్వాతి శుక్రవారం ఆశగా వెళ్ళాడు. బోలెడన్ని జవాబులున్నాయి. కాకినాడ నుంచి రాజేష్ అనే అతను, పులికి మిరియాలెందుకు, కూరలో కారం తగ్గిందా అని అడిగాడు. ఇంకెవరో తమ మిద్దె మీదికి కోతులొస్తున్నాయి, ఒకసారి వచ్చి గాండ్రించి వెళ్ళమన్నారు. విశాఖపట్నం నుంచి శ్రావణి అనే అమ్మాయి ఇలా రాసింది:

“పులిగారూ, మీ తీగకి జలుబు చేసినట్టుంది. కాళ్ళు తడిలో పెట్టుకు నిలబడితే ఎవరికైనా అంతే కదా. దానికో జత చెప్పులు కొనివ్వండి.”

సోమన్న మొహం మాడిపోయింది. కోపం ఎగతాళి చేసినందుకు కాదు. అతని ఊళ్ళో ఎగతాళి లేనిదే అంబలి దిగదు. కానీ దానికో వరస ఉంది. బావామరుదులు ఆడుకోవాలి, వదినలూ మరదళ్ళూ ఆడుకోవాలి. ఒకే వంశం వాళ్ళు ఎంత దూరపు ఊళ్ళో పుట్టినా అన్నాచెల్లెళ్ళే, వాళ్ళ ముందు పరాచికం ఆడితే తప్పు. మరి ఈ అమ్మాయి ఎవరు? నవ్వాలా, మందలించాలా? ఏదీ తెలియకుండా జవాబు ఎలా రాస్తాడు?

అందుకని మర్యాదగానే రాశాడు: “ముందు మీ మీ వంశాలు చెప్పండి. పులి అయితే మీరు నాకు తోడబుట్టినవాళ్ళు, ఇలా మాట్లాడకూడదు. వేరే అయితే మాట్లాడండి, పడతాను. మిరియాల సంగతి కూడా చెప్పండి.”

మరో శుక్రవారం గడిచేసరికి గుంపు గుంపంతా వంశాలు కట్టుకుని కూర్చుంది. రాజేష్‌ది దోమ వంశమట, కాకినాడలో ఇంటింటా అదేనట. ఒకావిడది మిక్సీ వంశమట, ఆ ఇంట్లో పొద్దున్నే గోల మొదలవుతుందట. శ్రావణి మాత్రం తమది కాశ్యప గోత్రమని, కశ్యపం అంటే తాబేలని వాళ్ళ తాతగారు చెప్పేవారని రాసి, తాబేలుకి పులి ఏమవుతుందో తేల్చమంది. కిందిదాకా వెతికాడు. మిరియాల మాట ఒక్కటి లేదు.

“ఊరికే ఆడుకుంటన్నారన్నా. నీ మీద అబిమానమే,” అన్నాడు మల్లేశు, టీ గ్లాసు అతని ముందు పెడుతూ.

“అక్కడ తీగలు సచ్చిపోతంటే అబిమానమేటి బాబూ,” అన్నాడు సోమన్న. ఆ వారం మరో రెండు తీగలు పోయాయి. టీ చల్లారిపోతుంటే ఒంటివేలితో కసిగా కొట్టాడు. మా ఇంట్లో కష్టం మీకు నవ్వులాటగా ఉంది, ఇకమీదట నాతో ఎవరూ ఎగతాళి ఆడవద్దు.

వాళ్ళు మాట విన్నారు. మళ్ళీ శుక్రవారం చూస్తే, క్షమించండి సోమన్న గారూ అని ఒకరు, అలాగేనండి అని ఒకరు, తీగలు బాగవ్వాలని కోరుకుంటున్నామండి అని ఒకరు. శ్రావణి కూడా ‘సారీ అండీ’ అని ఊరుకుంది. ఆ తర్వాత ఏమీ లేదు. తెల్లగా, ఖాళీగా ఉంది ఆ పెట్టె.  సోమన్న ఊళ్ళో పరాచికం ఆగేది రెండే సందర్భాల్లో. ఇంట్లో శవమైనా లేవాలి, రెండిళ్ళకీ పొత్తయినా చెడాలి. ఆడినప్పుడూ జవాబు లేదు, ఆట మానినప్పుడూ లేదు. ఇదెక్కడి గోల దేవుడా అనుకుంటూ కొండెక్కాడు.

పొద్దు ఇంకా ఉంది. ఈశ్వరమ్మ చోడి అంబలి పోసి ఎదురుగా కూర్చుంది. సంగతంతా విని నొచ్చుకుంటుందనుకుంటే, ఆమె పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. దోమ వంశం మాట రెండుసార్లు చెప్పించుకుంది. కోతుల మాటకి కళ్ళు తుడుచుకుంది. ఆ తాబేలు వంశపు పిల్ల ఏమందో కూడా చెప్పమంది. సోమన్న విసుక్కుంటూనే చెప్పాడు. తీగకి జలుబు, తడిలో కాళ్ళు, చెప్పులు.

ఈశ్వరమ్మ నవ్వు ఆగింది.

“తడిలో కాళ్ళు అన్నాదా?” అని లేచింది. అంబలి చిప్ప అలాగే వదిలి సోమన్నా ఆమె వెనకే తోటలోకి నడిచాడు.

ఎండాకాలంలో మోసిన నీళ్ళు పల్లానికి జారిపోకుండా ప్రతి తీగ మొదలు చుట్టూ వాళ్ళిద్దరూ మట్టి గట్టు కట్టారు. వానలు వచ్చాయి. గట్టు గట్టుగానే ఉంది. ఎండుటాకులు కప్పి ఉండటంతో పైకి కనబడలేదు. ఆకులు తీసి చూస్తే ప్రతి చెట్టు మొదట్లోనూ పళ్ళెంలో పోసినట్టు నీళ్ళు. అందులో నానిపోయి, వేలితో నొక్కితే మెత్తగా నలిగిపోతున్న వేళ్ళు.

“ఎండలకని కట్టినాం. వానలొచ్చినాక తియ్యడం మర్సిపోనాం,” అంది ఈశ్వరమ్మ నెమ్మదిగా. తప్పు నీదని అనలేదు. ఇద్దరినీ కలిపే అంది. ఆమె మంచితనం ఎప్పుడూ అలాంటి చిన్న మాటల్లోనే ఉండేది.

చీకటి పడేలోగా పారతో అతనూ చేతులతో ఆమే గట్లు తెంపుతూ పోయారు. నీళ్ళు ఒక్కో పళ్ళెం లోంచి జారి వాలులోకి పోతుంటే సోమన్నకు మళ్ళీ చిరాకు పుట్టింది.

“ఆ మాటేదో తిన్నగా సెప్తే దాని సొమ్మేటి పోద్ది?”

“సెప్పింది గదా. నువ్వే వరసలు ఎతుక్కుంటూ కూకున్నావు. ఇక ఎలిపోయి, బేగి మాట కలుపుకో. అలిగినోడే ముందు ఆడాల.”

అది వాళ్ళ ఆచారమే. పరాచికం మానిపించినవాడే తిరిగి మొదలుపెట్టాలి. శుక్రవారం సోమన్న పెట్టె ముందు కూర్చున్నాడు. ఊళ్ళో అయితే మాట దానంతట అదే వచ్చేది. ఇక్కడ మొహాల్లేవు, నవ్వు వినబడదు, కన్ను గీటడానికి లేదు. మల్లేశు ఒకటి రెండు జోకులు అందించాడు. అవి మరీ బొబ్బిలి జోకుల్లా ఉన్నాయని సోమన్న ఒప్పుకోలేదు. ఆఖరికి చెమటలు కక్కుతూ కొట్టాడు:

“తాబేలు వదినా, చెప్పేదేదో ఇంత నెమ్మదిగా చెబితే ఎలా? చెప్పులు కొందామని సంతంతా తిరిగాం. తీగ కాలికి సరిపడేవి దొరకలేదు. అందుకని నీళ్ళే తీసేశాం.”

మళ్ళీ వెళ్ళేసరికి మల్లేశు వీధిలోనే ఎదురొచ్చి, బేగి రా అన్నా అన్నాడు. పెట్టె నిండిపోయి ఉంది. పులి నవ్విందని రాజేష్ రాశాడు. దోమ వంశం తరఫున స్వాగతమన్నాడు. శ్రావణి పొడుగ్గా రాసింది. తనకింకా పెళ్ళే కాలేదు, వదిన అంటే వాళ్ళమ్మ పడీ పడీ నవ్వుతోంది, మరదలు అనమంది. ఆ చెప్పుల మాట నిజానికి తనది కాదట. కుండీలో తమలపాకు తీగకి రోజూ నీళ్ళు పోసి పోసి చంపుకుని, ఈ గుంపులో ఏడుస్తూ చేరిన కొత్తలో రాజేష్ తనని అన్న మాట అది. అప్పుడు తనూ అలిగిందట. ఇక్కడికి వచ్చిన ప్రతివాళ్ళకూ అది తెలుసు కదా అనుకుని విడమర్చి చెప్పలేదు, తప్పయిపోయింది అంది. ఆ కింద అసలు సంగతి తిన్నగా రాసింది. పోయిన తీగలు పీకి కాల్చేయాలి, మిగిలిన వాటి మొదళ్ళకు మైలుతుత్తం, సున్నం కలిపిన నీళ్ళు పోయాలి.

సోమన్న ఆ ముక్కలు అరచేతి మీద రాసుకుని, వాన చినుకు పడకుండా పిడికిలి బిగించి కొండెక్కాడు.

అన్నీ బతకలేదు. ఊట వైపున్న వరస పూర్తిగా పోయింది. మెట్ట మీది వరస నిలబడి, వానలు వెనకబట్టాక లేత చిగురు వేసింది. తొలి గుత్తిని ఈశ్వరమ్మ నిశాని రాయి దగ్గర పెట్టి, అందరి పేర్లూ చెప్పి దండం పెట్టింది. ఆ పేర్లలో దోమ వంశం, తాబేలు వంశం కూడా ఉన్నాయి.

చలికాలంలో ఆ గుంపులోకి ఎవరో కొత్తాయన వచ్చి, మల్లె మొక్క పసుపెక్కిపోతోందని వాపోయాడు. ఎవరూ అందుకోకముందే సోమన్న కొట్టాడు, దానికో జత చెప్పులు కొనివ్వమని. కొట్టాక కాసేపు ఆలోచించాడు. కొత్తవాడు, పాపం. కింద ఇంకో ముక్క చేర్చాడు. అంటే మొదట్లో నీళ్ళు నిలవకుండా చూడండి, ఇంతకీ మీదే వంశం?

వారం తిరిగేసరికి రాజేష్ మొదలుకొని అందరూ ఒకటే గోల. జోకు వేసి అర్థం కూడా చెప్పేస్తారా, పులి గడ్డి తిన్నట్టుంది అని. ఆ శుక్రవారం మళ్ళీ అడుగులు దబదబా పడ్డాయి. ఈశ్వరమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడి, అంబలి సంగతి తర్వాత చూద్దామని, “ఈపాలి ఏటన్నారు?” అని అడిగింది.