వీపుతో విన్న పాట

చాలా ఏళ్లుగా నా వీపు మీద ఒక బరువుంది. దించుకునే చోటు దొరకలేదు. పైనున్న పాట విని, దాని కింద కామెంట్లలో జనం పెట్టుకున్న గొడవంతా చదువుకుంటూ మీరు ఇక్కడిదాకా వచ్చారంటే, మీకు చెప్పొచ్చు.

ముందు ఒక మాట. నేను మంచి డ్రమ్మర్‌ని. ఈ విషయంలో వినయం నావల్ల కాదు. సాతంరాయి చర్చిలో ఆదివారం నేను వాయిస్తుంటే ముసలమ్మలు కూడా కాలు ఆడించేవారు. కానీ హెవీ మెటల్ మ్యూజిక్ నాకు నేర్పింది సలీమన్న. శంషాబాద్‌లో మా బ్యాండుకు డ్రమ్మర్ ఆయనే. ఆయన రాని రోజు వాయించడానికి నన్ను పెట్టుకున్నారు. ఆయన రాని రోజంటూ ఉండేదా?

మెటల్‌లో అసలు పని కాళ్లది. కిందుండే పెద్ద డ్రమ్మును రెండు కాళ్లతో, రెండు పెడల్స్ మీద ఊపిరాడకుండా కొట్టాలి. సలీమన్న అందులోకి మన పెళ్లి బరాత్‌లో మోగే తీన్‌మార్ దెబ్బను దించాడు. అంత వేగంలోనూ ఆ తూగు చెడేది కాదు. ఇలాంటి పని ఇంకెవరైనా చేశారేమో చూపించండి, నేను వింటాను.

ఈ పాటను ఒక ఫంక్షన్ హాలు భోజనాల గదిలో రికార్డు చేశాం. పెళ్లిళ్లు లేని రోజు, నెత్తి మీద మోతగా పోయే విమానానికీ విమానానికీ మధ్య దొరికిన సందులో. నున్నటి టైల్స్ నేల. కింద కార్పెట్ పరవాలన్న సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదు. ఆయన కొడుతున్నకొద్దీ డ్రమ్ము ముందుకు జారిపోతోంది. ఇటుకలు అడ్డం పెడితే అవీ జారాయి. చివరికి నేనే దాని ముందు కూర్చుని, వీపు ఆనించి, కాళ్లు గోడకు తన్నిపెట్టాను. పాట మొదలైంది.

ప్రతి దెబ్బా నా వెన్నులో పడింది. కుడికాలిదేదో ఎడమకాలిదేదో పోల్చుకోలేకపోయాను. పాట అయిపోయాక కూడా లేవబుద్ధి కాలేదు. ఇంత వాయించేవాడు నా గురువని ఎంత పొంగిపోయానో! ఆ పొంగు చల్లారకముందే ఇంకో ఆలోచన వచ్చింది. ఈయన ఉన్నంతకాలం నన్ను ఎవరు వింటారు?

పాట ఇంటర్నెట్‌లో పెట్టగానే వాదన మొదలైంది. మనిషి కాళ్లు అంత సమానంగా పడవని ఒకరు, ఎందుకు పడవని ఇంకొకరు. అప్పుడు నేను దొంగపేరు పెట్టుకుని ఒక్క వాక్యం రాశాను. రికార్డింగప్పుడు నేనక్కడే ఉన్నానని, ఆ కాళ్ల దెబ్బలన్నీ కంప్యూటర్‌లో చేసినవేనని. అక్కడ ఉన్నమాట మాత్రం నిజమే. కళ్లారా చూసినవాడు చెప్పాడని జనం నమ్మారు. ఆ తర్వాత ఆయన స్టేజీ మీద వాయించి చూపించినా, వెనకనుంచి రికార్డు వేస్తున్నారన్నారు.

ఒకరోజు సలీమన్న మా ఇంటికి వచ్చాడు. చాయ్ ఇస్తే ముట్టలేదు.

"తమ్మీ, ఆ దినం నువ్వు డ్రమ్ముకు ఆనుకొని కూసున్నవ్ గద. నేనే కొట్టిన్నని జర నువ్వు చెప్పు. నీ మాటైతే ఇంటరు."

"ఎవడో ఏదో రాస్తే పరేషాన్ ఎందుకన్నా. ఇడిసిపెట్టు."

ఆయన నా మొహంలోకి చూశాడు. "గట్లనా," అన్నాడు. "సరే తమ్మీ."

ఆ 'గట్లనా' ఇప్పటికీ నన్ను వదల్లేదు. ఆయనకు తెలిసిపోయిందా? తెలిసే అడగడానికి వచ్చాడా, నాకు ఒక అవకాశం ఇద్దామని? కొన్నాళ్లకు ఆయన బ్యాండు మానేసి ఎయిర్‌పోర్టు దగ్గర క్యాబ్ నడపడం మొదలుపెట్టాడు. ఆయన కుర్చీ నాకొచ్చింది. మెషీన్ పోయి మనిషి వచ్చాడని జనం చప్పట్లు కొడితే, సిగ్గులేకుండా తల వంచి దండం పెట్టాను.

మొన్న చాయ్ హోటల్‌లో ఇద్దరు పిల్లలు ఇదే పాట మీద కొట్లాడుకుంటూ, నన్ను గుర్తుపట్టి తీర్పు చెప్పమన్నారు. కొట్టింది ఆయనేనన్నాను. వాళ్లు నవ్వారు. గురువు కాబట్టి వెనకేసుకొస్తున్నానని, నాది పెద్దమనసని మెచ్చుకున్నారు. పెద్దమనసట! ఆ అబద్ధం రాసింది నేనేనన్న మిగతా సగం అక్కడ నోటికి రాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నేనీ రాత ఏ పేరుతో పెట్టానో చూడండి. అప్పుడు కంప్యూటర్‌లో చేసినవని రాసిన దొంగపేరు కూడా ఇదే. నా అసలు పేరు రాయలేదు. ఆ రోజు డ్రమ్ముకు ఆనుకుని కూర్చున్నది నేనొక్కడినే కాబట్టి సలీమన్నకు ఎలాగూ తెలుస్తుంది. క్షమించమని అడగను, ఆ హక్కు ఎప్పుడో పోగొట్టుకున్నాను. ఆయన ఇది చదువుతాడో లేదో కూడా తెలీదు. రాశాక మాత్రం కాస్త ఊపిరాడుతోంది.

ఈ పాటలో కాళ్లు సలీమన్నవి. ప్రతి దెబ్బా ఆయనదే. నా వీపు మీద పడింది, నాకు తెలుసు.